నీడ వీరుడికి నలభై రెండు మార్కులు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టానని ఇదేదో కిరోసిన్ దీపాల నాటి ముచ్చట అనుకోకండి. అప్పటికే మా ఊళ్లో ఇంటికి రెండు ఫోన్లుండేవి, చేపల చెరువు కాపలా తాత కూడా మంచె మీద కూర్చుని వీడియోలు చూసేవాడు. ఆ రోజుల్లో అంటే, ఏ సినిమా బాగుందో ఏది బాగోలేదో ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసని నేను గట్టిగా నమ్మిన రోజుల్లో అని. బి.ఇడి. పరీక్షలు రాసేసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ, పాలకొల్లు అవతల మా ఊళ్లో అమ్మ కలిపిన కొత్తావకాయ అన్నం తింటూ కూర్చున్న వేసవి అది. పని లేక ఫోనులో సినిమాల మీద సమీక్షలు రాసేదాన్ని. స్క్రీన్‌ప్లే బిగువు లేదు, సెకండాఫ్ సాగింది, ఎమోషన్ కనెక్ట్ అవలేదు లాంటి మాటలు ధారాళంగా వాడేదాన్ని. చదివేవాళ్లలో ఎక్కువమంది మా చుట్టాలే. (మా పిన్ని ప్రతిదాని కిందా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేది. అది మెచ్చుకోలో, ఇక ఆపమ్మా అని వేడుకోలో ఇప్పటికీ తేలలేదు.)

మా చర్చిలో ప్రతి వేసవిలోనూ పిల్లలకి వి.బి.ఎస్. అని ఒక బడి పెడతారు. పాటలు, కథలు, రంగు కాగితాలు, పదిన్నరకి చల్లటి మజ్జిగ, ఆఖరి రోజు సాయంత్రం పెద్దలందరి ముందూ ఒక నాటిక. ఖాళీగా ఉన్నాను కాబట్టి ఆ ఏడు నన్ను టీచరుగా వేశారు. దాని పెత్తనమంతా మా పెదనాన్నది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చర్చి కమిటీకి సెక్రటరీ. మా చుట్టుపక్కల ఊళ్లలో మీసాలు నెరిసిన మగవాళ్లలో ఆయన చేతి మొట్టికాయ తినని వాళ్లు తక్కువ. నాటిక కూడా ఆయనే రాశారు. మందలోంచి ఒక గొర్రెపిల్ల తప్పిపోతుంది. కాపరి మిగతా మందనంతా వదిలి చీకట్లో ఒక్కడే వెతుక్కుంటూ వెళ్లి, తోడేలుని తరిమి, గొర్రెపిల్లని భుజాన వేసుకుని తీసుకొస్తాడు. అంతే కథ. ఏళ్ల తరబడి ఆడుతున్నదే. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ వచ్చింది లేదు.

ఆ ఏడు వచ్చింది. అదే వేసవిలో ఒక సూపర్ హీరో సినిమా రెండో భాగం విడుదలైంది. మొదటి భాగాన్ని పిల్లలందరూ ఫోన్లలో పదేసిసార్లు చూసి ఉన్నారు. అందులో వీరుడికి ఒక శక్తి ఉంది. ఎండలో నిలబడి గుప్పిట బిగిస్తే అతని నీడ నేలమీంచి లేచి, తాడిచెట్టంత పెరిగి, శత్రువుల్ని చితక్కొడుతుంది. అతను మటుకు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇక చూస్కోండి, మా పిల్లలు మజ్జిగ తాగడం మానేసి మిట్టమధ్యాహ్నం చర్చి ఆవరణలో గుప్పిళ్లు బిగించుకుని నిలబడటం మొదలుపెట్టారు. ఇద్దరికి వడదెబ్బ తగిలింది. తల్లులు నా మీద విరుచుకుపడ్డారు. అది చాలదన్నట్టు, నాటికలో కాపరి వేషం వేస్తున్న పిల్ల (బక్కగా, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది, అందరం చింతపిక్క అనేవాళ్లం) రిహార్సల్ మధ్యలో ఆగిపోయి పెదనాన్నని అడిగింది.

"మాస్టారండీ, కాపరి చీకట్లో ఎందుకండీ వెళ్లడం? నీడని పంపిస్తే అదే గొర్రెపిల్లని తెచ్చేస్తుంది కదండీ?"

"కాపరి స్వయంగా వెళ్లాలమ్మా. కథంతా అందులోనే ఉంది."

"నీడకైతే తోడేలు కరిచినా నొప్పెట్టదు కదండీ."

పెదనాన్న నాటిక కాగితాలు మడిచి, ఆ రోజుకి రిహార్సల్ చాలన్నారు. ఆయన సర్వీసులో ఇలాంటిది జరగడం నేను చూసిన మొదటిసారి అదే. మర్నాటికి పిల్లలంతా ఒక మాట మీదకొచ్చారు. రెండో భాగం చూపిస్తేనే నాటిక వేస్తారట. లేకపోతే తోడేలు కూడా రాడట. చూపించాల్సిందేనని వాళ్లకన్నా ఎక్కువ గొడవ చేసింది నేను.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. కమిటీలో అందరికన్నా పెద్దాయన్ని మేం చాటుగా 'వద్దు తాతగారు' అనేవాళ్లం. చర్చికి ఫ్యాన్లు పెడదామన్నప్పుడు వద్దన్నారు, కీబోర్డు కొందామంటే వద్దన్నారు, ప్లాస్టిక్ పూలు వద్దన్నారు (చివరి విషయంలో ఆయనే కరెక్టు). ఆయన వెంటనే, "సినిమాయా? పిల్లలకా? మనం తీసుకెళ్లా? వద్దండి" అన్నారు. నిజానికి పెదనాన్న కూడా ఆ పక్షమే. కానీ నలభై ఏళ్లు పేపర్లు దిద్దిన మనిషి కదా. "పేపరు తెరవకుండా సున్నా వెయ్యడం నా వల్ల కాదండి. ఎవరైనా వెళ్లి చూసి, తగునో తగదో చెప్పాలి" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయన్నే వెళ్లమన్నారు. పిల్లల టీచరుగా నన్ను వేశారు. ఆడవాళ్ల తరఫున ఒక పెద్దావిడ ఉంటే బాగుంటుందని పాస్టరు గారి భార్యని అడిగారు. అందరూ పాస్టరమ్మ గారు అని పిలిచే ఆవిడ మీటింగుల్లో నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ రోజూ మాట్లాడలేదు. తలూపారు. ఆ ఊపడంలో కొంచెం తొందర కనిపించిందని నాకు తరవాత గుర్తొచ్చింది.

మంగళవారం మ్యాట్నీకి పాలకొల్లు బయల్దేరాం. పెదనాన్న ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా వేసుకుని, గొడుగు ముఖానికి అడ్డంగా పట్టుకున్నారు. ఎవరూ గుర్తుపట్టకూడదని ఆయన ఆశ. ఆటో దిగీ దిగగానే సైకిల్ స్టాండు మనిషి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "మాస్టారండీ! మీరేంటండీ ఇక్కడ?" టికెట్లు చింపే మనిషి ఆయన శిష్యుడే. సమోసాలమ్మే ఆయనా శిష్యుడే. "పని మీద వచ్చాను" అని పెదనాన్న అందరికీ ఒకటే సమాధానం చెప్పారు. సినిమా హాల్లో సినిమా చూడటం తప్ప ఇంకేం పనుంటుందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆఖరికి హాలు మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. బట్టతల, బొజ్జ, చేతిలో రెండు సెల్‌ఫోన్లు. లెక్కల నోటులో సినిమా హీరోల బొమ్మలు గీసినందుకు ఒకప్పుడు పెదనాన్న బెంచీ ఎక్కించిన వాడట. మా ముగ్గురినీ బాల్కనీలో నడిమధ్య కూర్చోబెట్టి, వద్దంటున్నా కూల్‌డ్రింకులు తెప్పించి, "ఏసీ ఎక్కువైతే చెప్పండి మాస్టారూ" అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లాడు.

బొమ్మ మొదలైంది. మొదటి భాగం చూడని పెదనాన్నకి తల తోక అర్థం కాలేదు. గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకి చేతకాదు, క్లాసురూము గొంతు. "ఆ అమ్మాయి ఇతనికేమవుతుంది?" అని అడిగారు. నేను చెప్పేలోపు వెనక వరసలో కాలేజీ కుర్రాడొకడు, "మొదటి పార్టులో చెల్లెలనుకున్నామండి. కాదంట" అన్నాడు. "మరి ఎవరు?" "అది మాకూ తెలీట్లేదండి." కాసేపటికి తెర మీద ఒక బడి కనపడింది, దాని బోర్డు మీద 'పాటశాల' అని రాసి ఉంది. పెదనాన్న కుర్చీలో నిటారుగా లేచారు. "పాటశాలట! అక్కడ పిల్లలకి పాటలు నేర్పుతారా?" అన్నారు. బాల్కనీ అంతా నవ్వింది. ప్రతినాయకుడు, "ఇంకో పది నిమిషాల్లో ఈ నగరం బూడిదైపోతుంది" అని గడియారం నొక్కాక ఒక పాట, ఒక కొట్లాట, ఒక జ్ఞాపకం వచ్చాయి. పెదనాన్న తన చేతి గడియారం చూసుకుని, "పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి, వీడికి టైము చూడటం రాదు" అన్నారు. ఇంటర్వెల్లయ్యేసరికి ముందు వరస వాళ్లు కూడా తెర వైపు కాకుండా ఆయన వైపు తిరిగి కూర్చోవడం గమనించాను.

పాస్టరమ్మ గారు మాత్రం కళ్లు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోతున్నారేమో అని చెయ్యి తట్టాను. "లేదమ్మా, వింటున్నాను. కళ్లు తెరిస్తే మాటలు సరిగ్గా వినపడట్లేదు" అన్నారు. ఆవిడ వాలకం నాకేం అర్థం కాలేదు.

నా సంగతి చెప్పాలంటే, నేను చాలా బాధలో ఉన్నాను. మొదటి భాగాన్ని ఆకాశానికెత్తి రాసినదాన్ని. ఇదేమో ఎక్కడి ముక్క అక్కడే ఉంది. నీడ బురదలో ఆడే ప్లాస్టిక్ కవరులా ఉంది. కామెడీ కోసం పెట్టిన స్నేహితుడు మాట్లాడినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయింది. రాయబోయే సమీక్షలోని వాక్యాలు అప్పటికే మనసులో కూర్చుకుంటున్నాను. ఇంతలో ప్రతినాయకుడు నగరం మొత్తం మీద ఒక ఇనప గొడుగు లాంటిది కప్పేశాడు. ఎండ లేదు. ఎండ లేకపోతే నీడ లేదు. నీడ లేకపోతే మన వీరుడు మామూలు మనిషి. అందరూ పారిపోయారు. ఒక్క పిల్లాడు మాత్రం ఆ 'పాటశాల'లో చిక్కుపడిపోయాడు. వీరుడు గుప్పిట బిగించాడు, ఏమీ జరగలేదు. కాసేపు అలాగే నిలబడి, చెప్పులు తడుముకుని వేసుకుని, చీకట్లో గోడ పట్టుకుని నడుచుకుంటూ ఒక్కడే బయల్దేరాడు. సంగీతం కూడా లేదక్కడ. (డబ్బులు అయిపోయి ఉంటాయని నేననుకున్నాను.) పక్కకి తిరిగి చూస్తే పెదనాన్న కళ్లజోడు తీసేసి, పంచె అంచుతో ముఖం తుడుచుకుంటున్నారు. "స్వయంగా వెళ్లాడమ్మాయ్. చూశావా? స్వయంగా వెళ్లాడు" అన్నారు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన గొంతు తగ్గించే అన్నారు.

ఆ తరవాత వీరుడు పిల్లాడి దాకా చేరతాడు, తలుపు తీస్తాడు, ఎదురుగా ప్రతినాయకుడు నిలబడి ఉంటాడు, 'మిగతా కథ మూడో భాగంలో' అని తెర మీద పడి లైట్లు వెలిగాయి. నాలాంటి వాళ్లకది అలవాటే. పెదనాన్న కూర్చున్న చోటినుంచి కదల్లేదు. మేనేజరు వీడ్కోలు చెప్పడానికి వచ్చాడు.

"మిగతాదేదయ్యా?"

"మూడో భాగమండి మాస్టారూ. వచ్చే ఏడో, ఆ పై ఏడో."

"ప్రశ్నపత్రం సగం ఇచ్చి, మిగతా సగం పై ఏడు రాయమంటారా? ఆ పిల్లాడు బయటికొచ్చాడా లేదా, అది చెప్పు చాలు."

"నాకూ తెలీదండి. మాకొచ్చింది అంతవరకేనండి."

"నీకెప్పుడూ సగమే వచ్చేదిరా" అని పెదనాన్న గొడుగు తీసుకుని లేచారు. మేనేజరు చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు, కానీ నవ్వుతున్నాడు.

అసలు ముప్పు గేటు దగ్గర కాచుకుని ఉంది. చేతిలో మైకు పట్టుకున్న కుర్రాడొకడు, సెల్‌ఫోను పట్టుకున్న ఇంకొకడు వచ్చిన వాళ్లనల్లా ఆపి, "సినిమా ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. వాళ్లు హాలు తరఫు మనుషులని, అభిప్రాయం రికార్డు కోసం అడుగుతున్నారని పెదనాన్న అనుకున్నారు. నేను చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆగి, గొంతు సవరించుకుని, ప్రోగ్రెస్ రిపోర్టు చదివినట్టు చెప్పారు. "నూటికి నలభై రెండు. పాసయ్యాడు, క్లాసు రాలేదు. తెలుగు రాత సరిచేసుకోవాలి. పాఠశాలకి ఒత్తు ఠ. గడియారం చూడటం నేర్చుకోవాలి. స్నేహితుడు అనవసరం, తీసేసినా నష్టం లేదు. చీకట్లో బయల్దేరిన ఘట్టానికి మాత్రం పూర్తి మార్కులు వేశాను. పేపరు మధ్యలో వదిలేసి లేచిపోయాడు కాబట్టి పది తగ్గించాను. ప్రయత్నిస్తే వృద్ధిలోకి వస్తాడు."

మా బస్సు ఆలస్యంగా వచ్చింది. ఆ వీడియో ఆలస్యం చెయ్యలేదు. మేం ఊళ్లో దిగేసరికి బస్‌స్టాప్ దగ్గర పిల్లలంతా, "పాస్! పాస్!" అని గెంతుతున్నారు. వాళ్ల వెనకే వద్దు తాతగారు చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నారు. "మాస్టారూ, మిమ్మల్ని చూసి రమ్మన్నాం గానీ, ఊరూవాడా చాటి రమ్మన్నామా?" అన్నారు. పెదనాన్న గొడుగు మళ్లీ ముఖానికి అడ్డంగా పట్టుకున్నారు. ఆ మైకు ఏదో యూట్యూబు ఛానెలుదని, తన మాటలు ఎక్కడిదాకా వెళ్లాయో ఆయనకి అప్పుడు తెలిసింది.

మర్నాడు సాయంత్రమే కమిటీ కూర్చుంది. ఈసారి కిటికీల దగ్గర సగం ఊరుంది. వద్దు తాతగారు మంచి పాయింటే తీశారు. "మార్కులు వేసేది పాఠానికండి. మన సెక్రటరీ గారు సినిమాకి మార్కులేశారంటే అది పాఠమని ఒప్పుకున్నట్టే కదా? చర్చి సెక్రటరీ హోదాలో ఉన్నవారు అలా చెయ్యొచ్చా?" పెదనాన్న లేచి నిలబడ్డారు. ఆయన్ని ఎవరైనా తప్పుపట్టడం, ఆయన నిలబడి వినడం నేనెప్పుడూ చూడలేదు. "నేను చూసింది చూసినట్టు చెప్పానండి. అబద్ధపు మార్కులు వెయ్యలేను. దీనివల్ల చర్చికి మాట వచ్చిందంటే సెక్రటరీ పని ఇప్పుడే వదిలేస్తాను" అన్నారు. ఆ పని తప్ప ఆయనకి ఇంకేం మిగల్లేదని అక్కడందరికీ తెలుసు. రిటైరయ్యాక, పెద్దమ్మ పోయాక, ఉదయం లేచి చొక్కా తొడుక్కోవడానికి ఆయనకున్న కారణం అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది. (సినిమాలో రాలేదు గానీ, ఇక్కడ వచ్చింది.)

అప్పుడు పాస్టరమ్మ గారు లేచారు. పాస్టరు గారే అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయారు.

"నేనూ వెళ్లానండి. మా చిన్నప్పుడు మా ఇల్లు సినిమా హాలు వెనకాల గోడకి ఆనుకుని ఉండేదండి. రోజూ సాయంత్రం హోంవర్కు చేసుకుంటూ గోడవతల మాటలు వినేదాన్ని. ఎన్ని సినిమాలు విన్నానో. నాన్నగారు వెళ్లనివ్వలేదు, ఒక్కటీ చూళ్లేదు. నిన్ననే చూశాను. చూశాను అంటే, ఎక్కువ కళ్లు మూసుకునే ఉన్నాననుకోండి, అలవాటు లేక." అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఆ అబ్బాయి చీకట్లో బయల్దేరినప్పుడు ఈలలు వేసే కుర్రాళ్లు కూడా నోరు మూసుకున్నారండి. హాలు హాలంతా నిశ్శబ్దం. మన ప్రసంగంలో అంత నిశ్శబ్దం ఎప్పుడైనా విన్నామా అండి?"

పాస్టరు గారు నేల వైపు చూశారు. తరవాత దగ్గి, "సెక్రటరీ గారు కూర్చోవాలి. వేరే సెక్రటరీని వెతికే ఓపిక నాకు లేదు" అన్నారు. వద్దు తాతగారు కర్రతో నేల మీద ఒకసారి తట్టారు. "మాస్టారు ఉండాలనే నా మాట కూడా. ఆ మైకు కుర్రాళ్లే వద్దు" అన్నారు. ఇక మిగిలింది నా ఓటు. నేను లేచి, సెకండాఫ్ సాగింది, గ్రాఫిక్స్ నాసిరకం, ఎమోషన్ కనెక్ట్ అవలేదు, నా దృష్టిలో ఫెయిల్ అని చెప్పాను. పెదనాన్న నోరు తెరిచి నా వైపు చూశారు. సినిమా చూపించాలని మొదట్నుంచీ గొడవ చేసినదాన్ని నేనే. "మరి పిల్లలకి చూపించాలా వద్దా అమ్మా?" అని పాస్టరు గారు అడిగారు. "చూపించాలండి. బాగోలేదని వాళ్లే తెలుసుకోవాలి" అన్నాను. కిటికీ అవతల చింతపిక్క వేసిన ఈల లోపలిదాకా వినపడింది.

మేనేజరు ఉదయం ఆటకి పిల్లలందరినీ రమ్మని కబురుపెట్టాడు. వెళ్లొచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఎవరినడిగినా ఒకటే మాట, "మొదటిదే బాగుందండి." ఎండలో నిలబడి గుప్పిళ్లు బిగించడం ఆ రోజుతో మానేశారు. ఆఖరి రోజు సాయంత్రం నాటిక మొదలైంది. గొర్రెపిల్ల తప్పిపోయే ఘట్టం వచ్చింది. కాపరి వెతకాలి, గొర్రెపిల్ల తెర పక్కనుంచి 'మే' అనాలి. అనలేదు. చూస్తే గొర్రెపిల్ల వేషం వేసిన బుడతడు నిజంగానే లేడు. చింతపిక్క ఒక్క క్షణం నిలబడింది. తరవాత కర్ర భుజాన వేసుకుని, వేదిక దిగి, జనం మధ్యలోంచి నడుచుకుంటూ, గేటు దాటి రోడ్డు మీదకి వెళ్లిపోయింది. తోడేలు ఏం చెయ్యాలో తెలియక వేదిక మీద ఒక్కడే నిలబడిపోయాడు. జనమంతా మెడలు తిప్పి గేటు వైపే చూస్తున్నారు. కాసేపటికి కాపరి తిరిగొచ్చింది. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో గొర్రెపిల్ల చెవి. గొర్రెపిల్ల మూతి నిండా పుల్లైసు రంగు. అన్ని చప్పట్లు మా చర్చి ఎప్పుడూ వినలేదు. వద్దు తాతగారు పెదనాన్న వైపు వంగి, "ఇది మీరు రాసిన దాంట్లో ఉందా?" అని అడిగారు. "ఇప్పుడుంది" అన్నారు పెదనాన్న.

కుర్చీలు సర్దేశాక ఇద్దరం కాలవ గట్టు మీద ఇంటికి నడిచాం. పెదనాన్న, "నువ్వెందుకమ్మాయ్ ఫెయిల్ చేశావు?" అని అడిగారు. నేను పొంగిపోయి మొదలుపెట్టాను. కథనం, ఎడిటింగు, పాత్ర ఎదుగుదల, ఒకటేమిటి, వంతెన దాకా చెబుతూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా అడ్డురాకుండా అంతా విన్నారు. చివర్లో, "ఆ అబ్బాయి చెప్పులు తడుముకున్నప్పుడు నీకేం అనిపించలేదా?" అన్నారు. లేదన్నాను. "చిన్నదానివి" అన్నారు. మందలించినట్టు కాదు, ఎండగా ఉంది అన్నట్టు మామూలుగా అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఉద్యోగం చెయ్యబోతున్న మనిషిని, నన్ను పట్టుకుని చిన్నదానివంటారా? ఇంటికి చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు కళ్లజోడు వచ్చింది. సమీక్షలు రాయడం మానేసి చాలా కాలమైంది. మానేశానని ఎవరూ గమనించలేదు, పిన్ని ఒక్కతీ తప్ప. సినిమాకి వెళ్తే మరీ అంత గొప్పగా లేని చోట్ల కూడా కళ్లు తడుస్తున్నాయి. ఎవరో బస్సు దిగుతారు, ఎవరో అన్నం కలిపి పెడతారు, అంతే, నేను పర్సులో రుమాలు వెతుక్కుంటూ ఉంటాను. పక్కన కూర్చున్న మా అమ్మాయి జాలిగా చూసి, "అమ్మా, సెకండాఫ్ అసలు బాగోలేదు, నువ్వెందుకేడుస్తున్నావు?" అంటుంది. ఒక మాట నాలిక చివరిదాకా వస్తుంది. కానీ అనను. ఆ మాట విన్నవాళ్లకి ఎంత కోపం వస్తుందో నాకు బాగా తెలుసు.